కృత్రిమ మేధ గీసే దేవతాచిత్రాలు – భక్తులు తెలుసుకోదగిన విషయాలు

జంగారెడ్డిగూడెం ప్రాంతానికి దర్శనార్థం వచ్చే యాత్రికులు, ఉత్సవాలకు ద్రవ్యసహాయం చేసే దాతలు ఇటీవల నన్ను ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "ఫోనులో నాలుగు మాటలు వ్రాస్తే కృత్రిమ మేధ క్షణాలలో స్వామివారి బొమ్మ గీసి ఇస్తున్నది. దానిని పటం కట్టించి పూజామందిరంలో ఉంచవచ్చునా? క్యాలెండరు మీద, ఉత్సవాల ఫ్లెక్సీల మీద అచ్చు వేయించవచ్చునా?" ఇది కొట్టిపారవేయదగిన ప్రశ్న కాదు. నేను చదువుకున్న శాస్త్రం మేరకు సమాధానం మనవి చేస్తాను.

యంత్రం బొమ్మను ఎలా గీస్తుంది?

ఇటువంటి యంత్రాలకు మొదట కోట్ల కొలది చిత్రాలను, వాటి వర్ణనలతో సహా చూపుతారు. 2022లో వెలువడిన లయాన్ 5బి అనే సంచయంలో సుమారు 585 కోట్ల చిత్రాల చిరునామాలు, వాటి వర్ణనలు జతలుగా ఉన్నవి. చిత్రం మీద ఇసుక చల్లినట్లు చుక్కలు చల్లి, ఆ చుక్కలను తొలగించి మరల చిత్రాన్ని తేల్చడం యంత్రానికి నేర్పుతారు. మనం మాటలు వ్రాసినప్పుడు అది కేవలం చుక్కల రాశితో ప్రారంభించి, మన మాటలకు సరిపడని వాటిని మెల్లమెల్లగా సవరించుకొంటూ పోతుంది. చివరకు ఒక రూపం తేలుతుంది. అందువలన తాను ఎక్కువసార్లు చూచిన రూపమే దానికి సులభంగా వస్తుంది. అరుదైనది జారిపోతుంది.

స్థలమూర్తి విశేషం

జారిపోయేది ఎంత విలువైనదో మన ప్రాంతపు ఉదాహరణతోనే చూడవచ్చును. గురవాయిగూడెంలో మద్దిచెట్టు మొదట వెలసిన ఆంజనేయస్వామివారు ఒక చేత గద, మరొక చేత అరటిపండు ధరించి, అడుగు ముందుకు వేస్తున్నట్లు దర్శనమిస్తారు. "ఆంజనేయస్వామి" అని మాత్రమే వ్రాస్తే యంత్రం కండలు తిరిగిన వీరుణ్ణి, సంజీవని పర్వతాన్ని, నిప్పులు చెరిగే ఆకాశాన్ని గీయవచ్చును. అరటిపండు ఉండదు, మద్దిచెట్టు ఉండదు. ఆ బొమ్మ కంటికి ఇంపుగానే ఉండవచ్చును గాని, మన మద్ది స్వామి కాడు.

తిరుమల శ్రీనివాసునిది వరదహస్తం. కుడిచేయి తన పాదాలను చూపుతుంది, ఎడమచేయి కటి మీద ఉంటుంది. ఆ చేతిని అభయహస్తంగా మార్చితే బొమ్మ అందం తగ్గదు, కాని శరణాగతి బోధించే ఆ సంకేతం పోతుంది. ఆచమనంలో మనం చెప్పుకొనే కేశవాది 24 నామాలను స్మరించండి. ఆ 24 మూర్తులకూ ఆయుధాలు శంఖం, చక్రం, గద, పద్మం అనే నాలుగే. అవి నాలుగు చేతులలో ఉండే వరుసను బట్టియే ఏ మూర్తి కేశవుడో, ఏ మూర్తి మాధవుడో నిర్ణయిస్తారు. శంఖ చక్రాలు తారుమారైతే అది చిన్న పొరపాటు కాదు, మూర్తియే మారిపోతుంది.

ధ్యానశ్లోకం కూడా మాటలే కదా?

ఒక విద్యార్థి నన్ను చక్కని ప్రశ్న అడిగినాడు. "శిల్పికి కూడా ధ్యానశ్లోకం ఇస్తారు, తాలమానం ఇస్తారు. యంత్రానికి మనం మాటలు ఇస్తున్నాము. భేదమేమి?" అని.

శాస్త్రం శిల్పికి కొలత ఇచ్చిన మాట నిజమే. ఉత్తమ దశతాలంలో మూర్తి ఎత్తు 124 అంగుళాలని నియమం. అయినా ఒకే కొలతతో పదిమంది శిల్పులు చెక్కిన పది మూర్తులలో పది చిరునవ్వులు కనిపిస్తాయి. కొలత శాస్త్రం నుండి వస్తుంది, కరుణ శిల్పి మనస్సు నుండి వస్తుంది. శుక్రనీతి శిల్పికి ధ్యానయోగాన్ని విధించడానికి కారణం అదే. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో దీనిని సూక్ష్మంగా చూపినాడు. చిత్రంలో చూచిన మాళవికను రంగస్థలం మీద ప్రత్యక్షంగా చూచి, చిత్రం ఆమె కాంతిని అందుకోలేదని రాజు గ్రహిస్తాడు. అందుకు చిత్రకారుని చేతిని కాదు, సడలిన సమాధిని కారణంగా ఎంచుతాడు. యంత్రానికి హస్తలాఘవం ఎంతైనా ఉన్నది. సడలడానికైనా, నిలవడానికైనా సమాధి అనేది దానికి లేదు.

అయోధ్యలో 2024 జనవరి 22న ప్రతిష్ఠ జరిగిన బాలరాముని నేత్రాలను మైసూరు శిల్పి అరుణ్ యోగిరాజ్ వెండి సుత్తితో, బంగారు ఉలితో తీర్చినారు. ప్రతిష్ఠ అయిన వెంటనే, ఆ మూర్తి కనురెప్పలు ఆర్పి నవ్వుతున్నట్లు కృత్రిమ మేధతో కల్పించిన దృశ్యం దేశమంతటా ఫోనులలో తిరిగినది. దానిని చూచి చేతులు జోడించినవారి భక్తిని నేను తప్పుపట్టను. కాని రాతిలో చూపును నిలిపినది శిల్పి నిష్ఠ. ఆ చూపునే అరువు తెచ్చుకొని యంత్రం ఆడించినది.

రవివర్మ పటాలూ యంత్రం మీద అచ్చయినవే

ఇది న్యాయమైన ఆక్షేపణ. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం స్థాపించినారు. అక్కడ అచ్చయిన లక్ష్మీ సరస్వతుల పటాలు సామాన్యుల ఇండ్లకు చేరినవి. నేటికీ వాటి ముందు దీపాలు వెలుగుతున్నవి. యంత్రం తాకినంత మాత్రాన పటం అపవిత్రం కాదు. అయితే ఆ ముద్రణయంత్రం ఒక మనిషి చూచిన రూపాన్ని వేలమందికి పంచినది. ఈ యంత్రం ఎవరూ చూడని, ఎవరూ ధ్యానించని రూపాన్ని తయారు చేస్తున్నది. భేదం ఇక్కడ ఉన్నది.

సృజనశక్తికి కలిగే హాని

కావ్యరచనకు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడూ కలిసి కారణమని మమ్మటుడు చెప్పినాడు. విష్ణుధర్మోత్తరంలో వజ్రమహారాజు ప్రతిమాలక్షణం చెప్పమని మార్కండేయుని అడుగుతాడు. ప్రతిమ తెలియాలంటే చిత్రం తెలియాలి, చిత్రానికి నృత్తం, నృత్తానికి వాద్యం, వాద్యానికి గీతం తెలియాలని ముని సమాధానం. ఒక్క బొమ్మ కోసం మనిషి ఇంత నేర్చుకొనవలసి వచ్చేది. బొమ్మ పూర్తయ్యేసరికి గీచినవాడు కూడా మారిపోయేవాడు. నేడు బొమ్మ చేతికి వస్తున్నది, మనిషి మాత్రం ఉన్నచోటనే ఉంటున్నాడు.

2025 మార్చిలో చాట్‌జీపీటీ చిత్రాలు గీయడంలో క్రొత్త నేర్పు చూపగానే, జనం తమ ఛాయాచిత్రాలను జపానులోని జిబ్లీ స్టూడియో తీరులోనికి మార్చుకొని మురిసిపోయినారు. ఆ తీరు వెనుక మియాజాకీ, ఆయన సహచరులు దశాబ్దాల పాటు చేతితో గీసిన శ్రమ ఉన్నది. నరసాపురంలో 1933లో జన్మించిన బాపుగారి గీతను కూడా యంత్రం అనుకరించవచ్చును. అంతకుముందు లేని ఆ గీతను కనుగొన్నది మాత్రం ఆయన అభ్యాసమే. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు 1925లో, ఇరవై ఏడేండ్ల వయస్సులోనే కీర్తిశేషులైనారు. ఆ కొద్ది కాలంలో వారు గీసిన చిత్రాలు నేటికీ ఆ నగరంలోని చిత్రశాలలో ఉన్నవి. గోదావరి పుష్కరాలకు వెళ్ళేవారు పిల్లలకు వాటిని చూపితే మేలు.

భక్తులకు మనవి

రాజశేఖరుడు ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా చెప్పినాడు. మొదటిది సృజించేది, రెండవది గుణదోషాలు ఎరిగి ఆస్వాదించేది. యంత్రాన్ని వాడేవారికి ఆ రెండవదైనా ఉండి తీరాలి. అలంకార మంటపానికి నమూనాలు చూసుకొనడానికి, ఆహ్వానపత్రికలో తోరణాలకు, పూలతీగెలకు దానిని వాడుకొనవచ్చును. దేవతామూర్తిని అచ్చు వేయించదలచినప్పుడు మాత్రం ముందుగా అర్చకస్వామికి చూపండి. ఆయుధాలు, ముద్రలు, వాహనం, వ్రేళ్ళ సంఖ్య ధ్యానశ్లోకంతో సరిచూసుకొనండి. ఆ క్షేత్రపు మూర్తి పటమే కావాలంటే ఆలయంవారు ఇచ్చే పటం శ్రేష్ఠం. ఇప్పటికే యంత్రచిత్రాన్ని పూజలో ఉంచుకొన్నవారు భయపడవలసినది లేదు. లక్షణలోపం లేకుంటే భక్తితో కొనసాగించండి.

దాతలకు ప్రత్యేకంగా ఒక మాట. ఉచితంగా వచ్చే బొమ్మ వలన మిగిలిన ధనాన్ని ఒక చిత్రకారునికి ఇచ్చి, మద్ది స్వామివారి రూపం గీయించండి. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులున్నారు. తిరుపతిలో దేవస్థానంవారి శిల్పకళాశాలలో చదివే యువకులున్నారు. వారి చేతికి పని ఉంటేనే రేపటి ఆలయానికి స్థపతి ఉంటాడు. మీ ఇంటి పిల్లవాడు వంకరగీతలతో గీసిన ఆంజనేయుణ్ణి కూడా పూజామందిరం గోడకు అంటించండి. ఆ వంకరగీతల వెనుక స్వామిని తలచుకొన్న ఒక మనస్సు ఉన్నది.

శుభం భూయాత్.