నిమ్మకాయ సొంత మందు

"సార్, నిమ్మతొక్క కంట్లో చిమ్మితేనే మంట పుడుతుంది కదా, అంత ఘాటున్న కాయకు బూజెలా పడుతుంది?" మనుబోలులో ఎనిమిదో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న ఇది. గూడూరు మార్కెట్ నుంచి ఉత్తరాదికి పోయే నిమ్మ బస్తాల లారీలు మా హైవే మీదే రోజూ పోతుంటాయి. వాటిని ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకెప్పుడూ ఆ సందేహం రాలేదు.

బూజు పేరు పెనిసీలియం డిజిటేటం. చెక్కుచెదరని తొక్కలోకి అది దూరలేదు. కోసేటప్పుడు ముల్లు గీసుకుంటే చాలు, ఆ గీతలోంచి లోపలికి పోతుంది. మొదట మెత్తటి మచ్చ, తర్వాత తెల్లటి నూగు, ఆపైన పచ్చటి పొడి. తమాషా ఏమిటంటే, గాయంలోంచి లేచే తొక్కనూనె ఆవిరే దాని బీజాలను నిద్రలేపుతుందని నారింజల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. దొంగకు ఇంటివాళ్లే తలుపు తట్టి చెప్పినట్టు!

అదే తొక్కలో సిట్రాల్ అనే పదార్థం కాపలా కాస్తుంది. బూజు కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో అల్లినది. అది నీళ్లలో కరగదు, నూనె అణువు మాత్రం అందులో ఇంకిపోతుంది. ఇంకాక పొర సడలుతుంది, లోపలి పొటాషియం కారిపోతుంది, కణం చస్తుంది. కాయ పచ్చగా ఉన్నన్నాళ్లు సిట్రాల్ దండిగా ఉంటుంది. పండి పసుపెక్కేకొద్దీ తగ్గుతుంది. పెద్ద నిమ్మ మీద ఈ సంగతి 1995లో ఇజ్రాయెల్‌లో రోదోవ్, బెన్ యెహోషువా బృందం చూపించింది. తరిగిపోయిన ఆ మందును బయటి నుంచి తిరిగి అందించడమే సుగంధ నూనెల వైద్యం. పైగా ఆవిరి కాబట్టి ప్రతి కాయకూ పూయక్కర్లేదు, పెట్టెలో మూలమూలకూ అదే పోతుంది.

ఈ మాట పరీక్షిద్దామని పిల్లలతో కలిసి రెండు గాజుసీసాలు తీసుకున్నాం. కాయలను పిన్నుతో గీరి పచ్చబూజు రుద్దాం. ఒకదాని మూతకు లవంగనూనె దూది వేలాడదీశాం. ఐదోరోజుకు ఉత్త సీసాలో కాయ పచ్చగా బూజెక్కింది. రెండోదాంట్లో బూజు లేదు గానీ, నూనె చుక్క జారిపడ్డచోట తొక్క కమిలి గోధుమరంగుకు తిరిగింది. ఆ కాయతో షర్బత్ చేస్తే పలావు వాసన! మోతాదు మించితే మందే కాయను కాలుస్తుంది.

ఇక మిగతా కథ పొట్టిదే. 1960లలో వచ్చిన థయాబెండజోల్ అనే బూజు మందుకూ, తర్వాతి ఇమజాలిల్‌కూ బూజు అలవాటు పడిపోయింది, అందుకే మళ్లీ నూనెల వైపు చూపు మళ్లింది. నూనె త్వరగా ఎగిరిపోకుండా కైటోసాన్ పూతలో కలిపి కాయకు పట్టిస్తున్నారు. కైటోసాన్ తయారయ్యేది రొయ్యల తొక్కల నుంచి. మా తీరంలో వాటికి కొదవా?

మా సీసాలో ఈసారి లవంగం వద్దు, నిమ్మగడ్డి నూనె పెడదామన్నాను. అందులో ముప్పాతిక వంతు దాకా సిట్రాలే.

"అయితే షర్బత్‌లో తేడా తెలీదు సార్, అదీ నిమ్మ వాసనే కదా!" అంది ఆ పిల్ల.