ఊదకు నాయనా!

మొన్న నా స్కూటరు బ్రేకు పట్టడం లేదని మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్ళాను. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు చక్రం విప్పి, డ్రమ్ములో పేరుకున్న దుమ్మును ఉఫ్ మని నోటితో ఊదేశాడు. సగం నేలమీద పడింది. సగం వాడి ముఖంమీదికే వచ్చింది.

బ్రేకు షూలకు అంటించే పట్టీల్లో వెనుక ఆస్‌బెస్టాస్ కలిపేవారు. చవకరకం వాటిలో ఇప్పటికీ ఉండవచ్చు. మనవాళ్ళు దాన్ని రాతినార అన్నారు. ఎంత చక్కని మాట! రాయే, కాని నారలా విడిపోతుంది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనే దొరుకుతుంది. నిప్పుకు కాలదు, ఒరిపిడికి ఓర్చుకుంటుంది. బ్రేకుకు ఇంతకంటె కావలసిందేమిటి?

చిక్కల్లా ఆ నారతోనే. కంటికి కనిపించని పోగులు ఊపిరితిత్తుల్లో దిగబడితే, ఇరవై ముప్ఫై ఏళ్ళకు క్యాన్సరై బయటపడవచ్చు. అందుకే ఆస్ట్రేలియా 2003 చివర, యూరోపియన్ యూనియన్ 2005లో రాతినారను నిషేధించాయి. బ్రేకుల్లో వాడే రకాన్ని అమెరికా 2024లో నిషేధించింది. మన సుప్రీంకోర్టు 1995లో రాతినార కార్మికుల ఆరోగ్య వివరాలను కనీసం 40 ఏళ్ళు భద్రపరచమన్నది. వాడుకను పూర్తిగా మాన్పించే చట్టం మాత్రం మనకింకా రాలేదు.

పట్టీని చూసి అందులో రాతినార ఉందో లేదో చెప్పలేం. కనుక అది లేదని పెట్టెమీద రాసినవే కొనాలి. ఏ బ్రేకు దుమ్మునైనా ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఆ మాటే కుర్రాడితో అన్నాను.

"రెండేళ్ళ నుంచి ఊదుతూనే ఉన్నాను గదండీ, ఏమయింది?" అని నవ్వాడు.

రెండేళ్ళే గదా మరి! నా భయమంతా ఆ తరువాతి ముప్ఫై ఏళ్ళ గురించే.