కుక్కకు టికెట్ వేయగలరా? అయితే మీకో కొలువుంది!

"తమ్మీ, సంక్రాంతి సెలవులకు అండమాన్ పోతున్నం. మా ల్యాబ్‌ను గూడ తీస్కపోతం. మొత్తం ఎంతయితది?"

కామారెడ్డి నుంచో, ఎల్లారెడ్డి నుంచో ఇలా ఒకరు ఫోన్ చేశారనుకుందాం. ఫోనెత్తింది మీరే. ఏం చెబుతారు?

"టికెట్లు బుక్ చేసేద్దాం సార్" అన్నారంటే ఈ ఉద్యోగానికి ఇంకా సిద్ధంగా లేనట్టు. "కుక్క బరువెంత సార్? రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు? కార్డు ఉందా?" అని తిరిగి అడిగారంటే సగం ఉద్యోగం వచ్చినట్టే.

పెంపుడు జంతువులను ఒక ఊరి నుంచి మరో ఊరికి, ఒక దేశం నుంచి మరో దేశానికి చేర్చడం ఇప్పుడు ఒక వృత్తి. దీన్ని పెట్ రీలొకేషన్ అంటారు. ఇందులో కస్టమర్‌తో మాట్లాడి, కాగితాలు సమకూర్చి, విమానంలో చోటు ఖాయం చేసే వ్యక్తి పెట్ ట్రావెల్ కోఆర్డినేటర్. దీనికి నోటిఫికేషన్ రాదు, ఎంట్రన్స్ ఉండదు. ఫలానా డిగ్రీయే కావాలన్న పట్టింపూ ఉండదు. కావాల్సిందల్లా నిబంధనలు ఓపిగ్గా చదవడం, తేదీలు సరిగ్గా లెక్కపెట్టడం, కుదరనిది కుదరదని సమయానికి చెప్పగలగడం. ఈ మూడూ ఎలా ఉంటాయో తెలియాలంటే దీవుల ప్రయాణం కంటే మంచి ఉదాహరణ లేదు.

ముందు 'కుదరదు' నేర్చుకోండి

దీవి అనగానే మనవాళ్లకు గుర్తొచ్చే పేర్లు నాలుగు. లక్షద్వీప్, మాల్దీవులు, బాలి, అండమాన్. కుక్కతో వెళ్తామంటే ఇందులో మూడు మొదటి ఫోన్‌కాల్‌లోనే కొట్టేయాలి.

లక్షద్వీప్‌కు కుక్కలను తీసుకెళ్లనివ్వరు. మాల్దీవులు కుక్కల దిగుమతినే నిషేధించింది. బాలికి బయటి నుంచి కుక్కలు, పిల్లులు, కోతులను తేవడంపై నిషేధం ఉంది. ఇక మిగిలింది అండమాన్. అది కూడా 'చూద్దాం' తప్ప 'ఓకే' కాదు.

కస్టమర్ హోటల్ బుక్ చేసుకున్నాక ఈ మాట చెబితే డబ్బు పోతుంది, నమ్మకమూ పోతుంది. మొదటి ఐదు నిమిషాల్లో చెబితే "ఈ పిల్లగానికి విషయం తెలుసు" అనుకుంటారు. ఆ రోజు బేరం పోయినా, రేపు మళ్లీ మీకే ఫోన్ చేస్తారు.

ఎందుకంత పట్టింపు?

కారణం రేబిస్. లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకని జబ్బు ఇది. మన దేశంలో రేబిస్ లేని ప్రాంతాలుగా చెప్పేవి అండమాన్ నికోబార్, లక్షద్వీప్ మాత్రమే. చుట్టూ సముద్రం ఉండటమే వాటికి రక్ష. జబ్బు నడిచి రాలేదు, ఎవరో ఒకరు పడవలోనో విమానంలోనో తేవాలి.

తెస్తే ఏమవుతుందో బాలి చూసింది. 2008 దాకా అక్కడ రేబిస్ లేదు. ఆ ఏడాది జబ్బు బయటపడింది. వేరే దీవి నుంచి పడవలో వచ్చిన కుక్కతోనే మొదలైందని భావిస్తున్నారు. ఆ తర్వాత మనుషుల ప్రాణాలు పోయాయి, లక్షల కుక్కలకు టీకాలు వేయాల్సి వచ్చింది. జబ్బు ఇప్పటికీ అక్కడి నుంచి పూర్తిగా పోలేదు.

పేరున్నవాళ్లకూ మినహాయింపు ఉండదు. 2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్, ఆయన భార్య అంబర్ హెర్డ్ రెండు చిన్న కుక్కలను ప్రైవేటు విమానంలో ఆస్ట్రేలియాకు తీసుకెళ్లారు. అధికారులకు చెప్పలేదు. కుక్కలను వెనక్కి పంపకపోతే చంపేయాల్సి ఉంటుందని అక్కడి ప్రభుత్వం గడువు పెట్టింది. వాటిని వెంటనే అమెరికాకు పంపేశారు. 2016 ఏప్రిల్‌లో అంబర్ హెర్డ్ ప్రయాణ పత్రంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు కోర్టులో ఒప్పుకున్నారు. ఇదంతా ఒక ఫారంలో ఒక గడి దగ్గర వచ్చిన గొడవ. కోఆర్డినేటర్ పని ఆ గడి సరిగ్గా నింపించడమే.

తేదీ నుంచి వెనక్కి లెక్క

మామూలు టూర్‌కి ఈ రోజు నుంచి ముందుకు లెక్క వేస్తాం. కుక్క ప్రయాణానికి బయల్దేరే రోజు నుంచి వెనక్కి వేయాలి. జనవరి 10న ప్రయాణం అనుకుందాం.

ఆరోగ్య ధ్రువపత్రం ప్రయాణానికి కొద్ది రోజుల ముందు తీసుకున్నదై ఉండాలి. ఎన్ని రోజులన్నది విమాన సంస్థ చెబుతుంది. అంటే జనవరి 8న డాక్టర్ అందుబాటులో ఉండాలి. ఆ రోజు ఆదివారమా, సెలవా అన్నది ఇప్పుడే చూసుకోవాలి.

రేబిస్ టీకా వేసి కనీసం 30 రోజులు కావాలని అడిగారనుకుందాం. అంటే డిసెంబరు 11 లోపే టీకా పడాలి. కుక్కపిల్లకు సాధారణంగా మూడు నెలలు నిండాకే మొదటి రేబిస్ టీకా వేస్తారు. కాబట్టి అక్టోబరులో పుట్టిన పిల్ల ఈ సంక్రాంతికి రాలేదు. వచ్చే సంక్రాంతికి చూసుకోవాలి.

విమానంలో చోటు ఇంకా ముందే ఖాయం కావాలి. ఒక్కో విమానంలో జంతువులకు ఉండే చోటు పరిమితం. అందుకే ముందు కుక్కకు సీటు, తర్వాతే మనుషులకు టికెట్లు. చాలామంది ఇక్కడే తిరగేసి చేస్తారు. క్రేట్‌లో కూర్చోవడం కుక్కకు అలవాటు కావాలంటే నవంబరులోనే మొదలుపెట్టాలి.

ఈ లెక్కంతా ఒక ఎక్సెల్ షీట్‌లో నాలుగు గడులు. పని, చివరి తేదీ, ఎవరి బాధ్యత, కాగితం వచ్చిందా లేదా.

ఏ విమానం తీసుకెళ్తుంది?

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం ఉన్నంత మాత్రాన అందులో కుక్కకు చోటున్నట్టు కాదు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. కస్టమర్ పాత పేరు చెప్పినా, కాగితాల్లో ఏ పేరుందో మీరు చూసుకోవాలి.

ఇండిగో మామూలు పెంపుడు కుక్కలను ఎక్కించుకోదు. ఎయిర్ ఇండియా షరతులతో తీసుకుంటుంది. ఆకాశ ఎయిర్ 2022 నవంబరులో మొదలుపెట్టింది. అప్పట్లో క్యాబిన్‌లో పరిమితి బోనుతో కలిపి 7 కిలోలు. ఇలాంటి పరిమితులు మారుతుంటాయి కాబట్టి నిరుడు చదివింది ఈ ఏడాది చెప్పకూడదు. ప్రతిసారీ కంపెనీ నుంచి ఈమెయిల్‌లో జవాబు తీసుకోవాలి.

పెద్ద ల్యాబ్రడార్ 25 కిలోలు దాటుతుంది. అది మన కాళ్ల దగ్గర కూర్చునే అవకాశం లేదు. విమానం కింది భాగంలో, క్రేట్‌లో వెళ్లాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు వేడిలో ఊపిరి కష్టం. చాలా విమాన సంస్థలు వాటిని కింది భాగంలో ఎక్కించుకోవు. మత్తుమందు ఇచ్చి పడుకోబెడదామన్న ఆలోచన మరీ ప్రమాదం. కస్టమర్ ఆ మాట ఎత్తితే డాక్టర్ దగ్గరికే పంపండి.

క్రేట్ కొలతకు అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే ఐయాటా, ఒక పద్ధతి పెట్టింది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు, నేల నుంచి మోచేయి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు క్రేట్ వెడల్పు. నిలబడినప్పుడు తల లేదా చెవుల కొస దాకా ఉన్న ఎత్తుకు కింద పరిచే పరుపు మందం కలిపితే క్రేట్ ఎత్తు. ఒక కుక్క పొడవు 90 సెంటీమీటర్లు, మోచేయి ఎత్తు 34, భుజాల వెడల్పు 25, చెవుల దాకా 68 అనుకోండి. లోపలి కొలత కనీసం 107 పొడవు, 50 వెడల్పు, 68కి పైన ఎత్తు ఉండాలి. ఒక టేపు, ఒక కాగితం చాలు. వీధి చివర ఎవరి కుక్కనైనా వాళ్లనడిగి కొలిచి చూడండి.

ఎల్లారెడ్డి నుంచి శంషాబాద్ దాకా

ప్రయాణం విమానాశ్రయంలో మొదలుకాదు. ఎల్లారెడ్డి నుంచి మెదక్ మీదుగా వస్తారా, కామారెడ్డికి వచ్చి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతారా? దారిలో కుక్కను ఎక్కడ దింపి నీళ్లు తాగిస్తారు? అద్దాలు మూసిన కారులో కుక్కను వదిలి టీ తాగడానికి పోవద్దని కస్టమర్‌కు చెప్పారా? ఇవీ మీ పనిలో భాగమే. ముందుగా ఒక ఆదివారం క్రేట్‌లోనే నిజాంసాగర్ దాకా తిప్పి తీసుకురమ్మని చెప్పొచ్చు. కుక్క రెండు గంటలు క్రేట్‌లో ఉండలేకపోతే విమానం సంగతి మళ్లీ ఆలోచించుకోవాల్సిందే.

విశాఖ, చెన్నై నుంచి అండమాన్‌కు ఓడలూ ఉన్నాయి. అక్కడిదాకా రైల్లో వెళ్లాలంటే ఏసీ ఫస్ట్ క్లాస్‌లో కూపే లేదా క్యాబిన్ మొత్తం తీసుకుంటేనే కుక్క మనతో ఉంటుంది. లేదంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు పెట్టెలోని డాగ్ బాక్స్‌లో పంపాలి. స్లీపర్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీల్లో ఎక్కనివ్వరు. ఓడ విషయం షిప్పింగ్ ఆఫీసును, దీవిలో దిగాక కావాల్సిన కాగితాల విషయం అక్కడి పశుసంవర్థక శాఖను రాతపూర్వకంగా అడగాలి.

దీవిలో దిగాక కూడా జాగ్రత్తలున్నాయి. అండమాన్ తీరాల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తీరాలున్నాయి. కుక్కను గొలుసు లేకుండా వదలకూడదు. ఎక్కువ సముద్రపు నీళ్లు తాగితే కుక్క ప్రాణం మీదికొస్తుంది. ఈ నాలుగు మాటలు రాసిచ్చే కోఆర్డినేటర్‌ను కస్టమర్ మర్చిపోడు.

సంతకం మీది కాదు

ఒక గీత గుర్తుంచుకోండి. ఆరోగ్య ధ్రువపత్రంపై సంతకం చేసే హక్కు రిజిస్టరయిన పశువైద్యుడిది. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం చెప్పేది ఇదే. జంతువుల రవాణాకు 1978 నుంచే ప్రత్యేక నిబంధనలున్నాయి. "టీకా వేసినట్టు పాత తేదీతో రాయించు తమ్మీ, పైసలిస్త" అని ఎవరైనా అంటే చేయొద్దు. ఒక్క తప్పుడు కార్డుతో మీ ఉద్యోగమే కాదు, రేబిస్ లేని దీవి కూడా ప్రమాదంలో పడుతుంది.

ఎవరికి ఏ దారి?

బీకాం, బీఏ, బీబీఏ చదివినవాళ్లు కోఆర్డినేటర్, కస్టమర్ సపోర్ట్, కార్గో బుకింగ్ వైపు ప్రయత్నించొచ్చు. ఈమెయిల్ రాయగలిగే ఇంగ్లిష్, ఎక్సెల్, ఫోన్‌లో మర్యాద కావాలి. హిందీ వస్తే ఇంకా మంచిది. లాజిస్టిక్స్, కస్టమ్స్ క్లియరెన్స్ కోర్సు చేసినవాళ్లకు ఎగుమతి పత్రాల పని సులువవుతుంది.

పదో తరగతి తర్వాత పాలిసెట్ ద్వారా పశుసంవర్థక డిప్లొమాలో చేరొచ్చు, అది రెండేళ్లు. పశువైద్యుడు కావాలంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల్లో కాలేజీలున్నాయి. కామారెడ్డిలో ఉన్న డెయిరీ టెక్నాలజీ కాలేజీ కూడా ఆ పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీదే. అయితే అక్కడ చదివేది పాల సాంకేతికత, వైద్యం కాదు. రెండూ ఒకటనుకుని దరఖాస్తు చేయకండి.

అసలు పెద్ద పని సెలవుల ప్రయాణాల్లో లేదు, విదేశాలకు మకాం మార్చే కుటుంబాల దగ్గర ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా నిబంధనలు కఠినమయ్యాయి. కుక్కకు కనీసం ఆరు నెలల వయసు, మైక్రోచిప్ తప్పనిసరి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనం ఉన్నాం కాబట్టి అదనపు కాగితాలూ కావాలి. దేశం దాటే జంతువులకు ఆరోగ్య ధ్రువీకరణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రాలు దేశంలో ఆరు చోట్ల ఉన్నాయి. అందులో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది.

నిజం చెప్పుకోవాలంటే కామారెడ్డిలో రోజూ ఇలాంటి ఫోన్లు రావు. మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లోనే వెతుక్కోవాలి. కానీ ఊర్లోనూ ఒక పనుంది. కుక్కను తీసుకెళ్లడం కుదరనివాళ్లు దాన్ని ఎవరి దగ్గర వదలాలి? నాలుగు రోజులు నమ్మకంగా చూసుకునే బోర్డింగ్, ఇంటికొచ్చి తిండి పెట్టే మనిషి.. ఇది చిన్న పెట్టుబడితో మొదలయ్యే స్వయం ఉపాధి. చాలా కుక్కలకు దీవి ప్రయాణం కంటే ఇదే సుఖం కూడా.

ఈ వారమే చేసి చూడండి

ఇంటర్వ్యూలో "నాకు జంతువులంటే ఇష్టం" అని అందరూ చెబుతారు. మీరు ఒక ఫైలు తీసుకెళ్లండి. 'ఎల్లారెడ్డి నుంచి పోర్ట్ బ్లెయిర్, ఒక కుక్క, జనవరి 10' అని పైన రాయండి. తేదీల పట్టిక, క్రేట్ కొలత, విమాన సంస్థల నుంచి మీరు ఈమెయిల్‌లో తెప్పించుకున్న జవాబులు, రోడ్డు దారి, కస్టమర్‌కు ఇచ్చే సూచనల కాగితం, కుదరకపోతే చెప్పే ప్రత్యామ్నాయం.. అన్నీ అందులో పెట్టండి. మొత్తం ఎనిమిది పేజీలు దాటదు, ఖర్చు జిరాక్సుదే. ఆ ఫైలు చూశాక ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న మీ మార్కుల గురించి కాదు, మీరు ఎప్పుడు చేరగలరని అడగొచ్చు.