ముంగిట రంగుల కుర్చీలు

అసర్ వేళకు ఎండ వాలి, వడమాలపేట ఇళ్ల ముంగిట నీడ పరుచుకుంటుంది. తిరుపతి నుంచి పుత్తూరు వైపు సాగే రహదారి పొడవునా అప్పుడు కుర్చీలు బయటికి వస్తాయి. పూర్వం ఈ అవసరాన్ని అరుగు, నులకమంచం తీర్చేవి. ఇప్పటి ఇళ్లకు అరుగులు అరుదు. వాటి స్థానాన్ని ఎరుపు, నీలం, ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలు ఆక్రమించాయి. పెరట్లో మామిడి చెట్టు కింద రెండు పసుపు కుర్చీలు వేసుకుంటే కంటికి ఇంపుగానే ఉంటుంది. కాని అందులో కూర్చునేది ఎక్కువగా ఇంటి పెద్దలు. కుర్చీ కాలు విరిగితే యువకుడు నవ్వుతూ లేస్తాడు. డెబ్బై ఏళ్ల నానమ్మకు తుంటి ఎముక విరగవచ్చు. అందుచేత రంగు గురించి కొంత వివరంగా తెలుసుకోవలసి ఉంది.

ఒకే ముక్కగా పోతపోసే ఈ కుర్చీకి ప్రపంచవ్యాప్త ప్రచారం రావడానికి 1972లో ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ మాసొనే రూపొందించిన నమూనా ముఖ్య కారణం. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి, అచ్చులోకి ఒత్తిడితో పంపితే రెండు నిమిషాలలోపే కుర్చీ సిద్ధమవుతుంది. చౌకదనమంతా ఆ వేగంలోనే ఉంది. అయితే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఈ పదార్థపు పొడవైన అణు గొలుసులను క్రమంగా తెంచివేస్తాయి. దీనిని నిరోధించే రసాయనాన్ని తయారీలోనే కలపవచ్చు. నాసిరకం కుర్చీలలో దానిని తగ్గిస్తారు. మన ప్రాంతంలో మార్చి నుంచి కాసే ఎండ అటువంటి కుర్చీని త్వరగానే పెళుసుబారుస్తుంది.

ఆ సంగతిని ముందుగా చెప్పేది రంగే. మెరుపు తగ్గి, వేలితో రుద్దితే తెల్లని పొడి అంటుతుంటే పైపొర క్షీణించినట్లు. కాళ్లు ఆసనంతో కలిసేచోట సన్నని చీలికలు కనబడితే ఆ కుర్చీని వెంటనే తొలగించాలి. విరగబోయే రెండు కుర్చీలను ఒకదానిలో ఒకటి దూర్చి వాడుకోవడం మనవాళ్ల పాత ఉపాయం. బలహీనమైనవి రెండు కలిసినా నమ్మదగిన కుర్చీ కాదు. మస్జిద్ ప్రాంగణాలలో వయోవృద్ధుల నమాజు కోసం ఉంచే కుర్చీలను కూడా ఏడాదికి ఒకసారి ఇలా పరీక్షించడం అవసరం. అవి ఎవరి సొంతమూ కావు గనుక ఎవరూ తిప్పి చూడరు.

కొనేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. నలుపు రంగునిచ్చే కర్బనపు పొడి అతినీలలోహిత కిరణాలను బాగా అడ్డుకుంటుంది, కాని నల్లని కుర్చీ ఎండకు కాలిపోతుంది. లేత రంగులు చల్లగా ఉంటాయి, మురికి త్వరగా కనబడుతుంది. మా దృష్టిలో నీడ లేని ముంగిటికి లేత రంగులు, చెట్టు కింద ఏ రంగైనా సరే. ఒకే నమూనాలోని రెండు రకాలను చేతితో ఎత్తి పోల్చండి. బరువైన దానిలో సాధారణంగా పదార్థం ఎక్కువ. పెద్దల కోసమైతే చేతులున్న కుర్చీయే తీసుకోవాలి, ఆసనం నేలకు పదిహేడు, పద్దెనిమిది అంగుళాల ఎత్తున ఉండాలి. లోతుగా వెనక్కు వాలే కుర్చీ చూడటానికి సుఖంగా ఉన్నా, మోకాళ్ల నొప్పి ఉన్నవారు దానిలోనుంచి లేవలేరు.

రంగుల మీద నిజంగా మక్కువ ఉన్నవారు వైరు అల్లిన ఇనుప కుర్చీని మరచిపోకూడదు. గాలి ఆడుతుంది, కోరిన రంగులు కలిపి అల్లించుకోవచ్చు, వైరు తెగితే తిరిగి అల్లించవచ్చు. చట్రానికి అతుకుల వద్ద తుప్పు పట్టకుండా రంగు వేయించాలి, అంతే. టేకు కుర్చీ సంగతి చెప్పనక్కరలేదు, ధర ఒక్కటే అడ్డంకి.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన వర్షాలుంటాయి. ఆసనంలో నీరు దిగే రంధ్రాలు లేని కుర్చీ బయట ఉంటే ఆ గుంటలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వానాకాలంలో కుర్చీలను వరండాలోకి చేర్చాలి.

ఇక పాతవాటి సంగతి. చీలిక పడిన కుర్చీని పనిమనిషికో, వాకిట నిలిచిన పేదవానికో ఇచ్చి పుణ్యమనుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. మన పెద్దలను కూర్చోబెట్టలేని కుర్చీలో వారి పెద్దలు కూర్చుంటారు. దానిని ముక్కలు చేసి పాత ప్లాస్టిక్ కొనేవారికి వేయండి. ఇవ్వదలచినది కొత్త కుర్చీగా ఇవ్వండి.