షుగరున్న కూలీ టీకాకు ఎందుకు వెనకాడాడు?

పల్లె జనం మూఢనమ్మకాల వల్లే టీకా వేయించుకోరని 2021లో చాలామంది పెద్దలు తేల్చేశారు. ఆ మాట ఎంతవరకు నిజమో ఎల్బీ నగర్ కూలీల అడ్డా మీద కాసేపు నిలబడితే తెలుస్తుంది. ఇబ్రహీంపట్నం, దేవరకొండల నుంచి వచ్చే సాగర్ రోడ్డు, నల్లగొండ వైపు నుంచి వచ్చే విజయవాడ రోడ్డు ఇక్కడికే చేరతాయి. సేద్యం గిట్టని చిన్న రైతూ, నాట్లూ కోతలూ లేని రోజుల్లో వ్యవసాయ కూలీ ఈ అడ్డాకే వస్తారు. నలభై దాటిన వీళ్లలో షుగరు, బీపీ, ఆయాసం మామూలైపోయాయి.

వీళ్లు వెనకాడటానికి కారణాలున్నాయి.

"రోజూ బిళ్లలు మింగుతున్నం, పైనుంచి ఈ సూది పడితే ఏమైతదో" అన్నది మొదటిది. నిజానికి కోవిడ్ సోకితే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం షుగరు, కిడ్నీ, గుండె జబ్బులున్న వాళ్లకే ఎక్కువ. కోవాగ్జిన్‌లో ఉన్నది చంపిన వైరసు. కోవిషీల్డులోని వైరసు ఒంట్లో పెరగలేదు. సూది తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. కోవిషీల్డు వల్ల బహు అరుదుగా నెత్తురు గడ్డకట్టిన కేసులూ ఉన్నాయి, దాన్నీ దాచకూడదు. ఇవన్నీ విప్పి చెప్పవలసిన వాళ్లు చెప్పారా?

రెండోది కూలి. నెలజీతగాడికి రెండు రోజుల జ్వరమంటే రెండు రోజుల సెలవు. అడ్డా కూలీకి రెండు రోజులు పొయ్యి వెలగదు.

మూడోది పాత గాయం. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు కింద వేలాది ఆడపిల్లలకు సూదులు వేశారు. చాలామంది ఆదివాసీ, హాస్టలు పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపారు. పిల్లల చావులకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టలు వార్డెన్లే సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటరీ సంఘం బయటపెట్టింది. కన్నవాళ్లను అడగకుండా సూది వేసిన చోట, తర్వాత వచ్చే మంచి సూదిని కూడా జనం అనుమానిస్తారు.

ఇక నిబంధనల సంగతి. 2021 మార్చి 1 నుంచి 45–59 ఏళ్ల రోగులకు టీకా అన్నారు, కానీ డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నారు. షుగరుకు పదేళ్ల లెక్క పెట్టారు. మొన్నటిదాకా పరీక్షే చేయించుకోని కూలీ పదేళ్ల చీటీ ఎక్కడినుంచి తెస్తాడు? ఏప్రిల్ 1న ఆ షరతు ఎత్తేశారు. మే 28 నుంచి రాష్ట్రంలో ఆటో డ్రైవర్లకు, కూరగాయలమ్మే వాళ్లకు ప్రత్యేకంగా టీకాలు వేశారు. మంచిదే. కానీ వాళ్లకు పెట్టిన పేరేమిటి? "సూపర్ స్ప్రెడర్లు"! లాక్‌డౌన్‌లో ఊరికి తిండి పెట్టిన వాళ్లు జబ్బు పంచేవాళ్లయ్యారు. ఇలా పిలిస్తే ఎవరు నమ్మి చెయ్యి చాపుతారు?

కోవిడ్ తగ్గిందని ఈ సమస్య తీరిపోలేదు. క్షయ రాకుండా పెద్దలకు బీసీజీ వేసే కార్యక్రమం 2024లో దేశంలో మొదలైంది. షుగరున్న వాళ్లు, 60 దాటిన వాళ్లు, లోగడ క్షయ వచ్చిన వాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. బీసీజీలో ఉన్నది బతికున్న క్రిమి. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన వాళ్లకు అది తగదు. అంటే ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, అతని జబ్బులు అడిగి తెలుసుకోవాల్సిందే.

కనుక వ్యవసాయ కార్మికులు అడగవలసినవి ఇవి: టీకా వేసిన తర్వాత రెండు రోజుల కూలి ప్రభుత్వమే ఇవ్వాలి. అడ్డా దగ్గరా, ఊళ్లలోనూ సాయంత్రం వేళ షుగరు, బీపీ పరీక్షలు చేయాలి. వచ్చే మంచిచెడ్డలు తెలుగులో రాసిన చీటీ చేతికివ్వాలి, చదువు రాని వాళ్లకు చదివి వినిపించాలి. ఈ పని చేసే ఆశా కార్యకర్తలకు సరైన జీతం ఇవ్వాలి. వీటిలో ఏదీ కొండంత ఖర్చు కాదు. ఊరి సంఘం సమావేశంలో వీటిని చర్చించండి, మహజరు రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఇవ్వండి.