సాఫ్టువేరు తనిఖీ

సాఫ్టువేరు తనిఖీ అనగా ఒక ప్రోగ్రామును నడపకుండానే, దాని సోర్సుకోడును, నమూనా పత్రాలను వరుస వెంబడి చదివి దోషాలను పట్టుకొనే క్రమబద్ధమైన విధానం. ప్రోగ్రామును నడిపి చూడడాన్ని పరీక్ష అంటారు. తనిఖీ దానికి బదులు కాదు, దానికి తోడు. వ్రాసినవారి తప్పు వారికి సులభంగా కనబడదు కనుక ఇతరులు చదవడమే ఇందులోని మూలసూత్రం.

చరిత్ర

ఈ విధానానికి రూపకర్త ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన మైకేల్ ఫాగన్. ఆయన 1976లో ఐ.బి.ఎం. సిస్టమ్స్ జర్నల్‌లో దీనిని వివరించాడు. అందుచేత దీనిని ఫాగన్ తనిఖీ అని కూడా వ్యవహరిస్తారు.

దశలు

* ప్రణాళిక: తనిఖీ చేయవలసిన భాగాన్ని, సభ్యులను నిర్ణయించడం.
* పరిచయం: రచయిత తన పని ఉద్దేశాన్ని వివరించడం.
* సన్నాహం: సభ్యులు ఎవరికి వారు చదువుకోవడం.
* సమావేశం: దోషాలను గుర్తించి నమోదు చేయడం. ఇది 2 గంటలు మించరాదు. ఇక్కడ పరిష్కారాలు చర్చించరు.
* సవరణ: రచయిత దోషాలను సరిదిద్దడం.
* పునఃపరిశీలన: సవరణలు జరిగినవో లేదో సమన్వయకర్త నిర్ధారించడం.

సహకార ఉపకరణాలు

పూర్వం సభ్యులందరూ ఒకే గదిలో కూర్చొని, అచ్చువేసిన కాగితాలపై తనిఖీ చేసేవారు. ఉపకరణాలు వచ్చిన తరువాత ఆ అవసరం తగ్గింది. ఉదాహరణకు రచయిత మదనపల్లెలో, చదివేవారు పుంగనూరులో, సమన్వయకర్త కుప్పంలో ఉన్నారనుకొందాం. మారిన వాక్యాలు అందరి తెరపై కనిపిస్తాయి. ప్రతి వ్యాఖ్య ఫలానా వాక్యానికి అతుక్కొని ఉంటుంది. ఏది పరిష్కారమైనది, ఏది మిగిలినది అనే లెక్క తప్పిపోదు.

ఆండ్రాయిడ్ ప్రాజెక్టు కొరకు గూగుల్‌లో రూపొందిన గెరిట్ ఇటువంటిదే. ఇందులో సాధారణంగా -2 నుండి +2 వరకు గుర్తులు వేస్తారు. +2 లేనిదే మార్పు ప్రధాన కోడులో కలవదు. -2 ఉంటే ఆగిపోతుంది. తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ సాఫ్టువేరు 2012లో గెరిట్‌కు మారింది.

నిర్వహణలో జాగ్రత్తలు

* ఒకసారి తనిఖీకి ఇచ్చే భాగం చిన్నదిగా ఉండాలి.
* యంత్రం పట్టుకోగల తప్పులను ముందుగా యంత్రానికే వదలాలి.
* దోషాల సంఖ్యను ఉద్యోగి పనితీరుకు కొలమానం చేయరాదు. అలా చేస్తే దోషాలు బయటపడవు, దాగిపోతాయి.
* ఆమోదం మొక్కుబడి కారాదు.

ప్రాముఖ్యత

ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.లోని హార్ట్‌బ్లీడ్ దోషం ఇందుకు హెచ్చరిక. అడిగిన సమాచారం పొడవును సరిచూడని ఆ కోడు, ఒక సమీక్షకుడు చూసిన పిమ్మటనే 2011 డిసెంబరు 31న చేరింది. 2014 ఏప్రిల్‌లో బయటపడేవరకు సర్వర్ల మెమరీలోని రహస్యాలు చదవగల అవకాశం ఏర్పడింది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ 2018 ఫిబ్రవరి నాటిది. జ, ఞ, దీర్ఘంతో కూడిన ఒక తెలుగు అక్షర సమూహం, మధ్యలో కంటికి కనిపించని విభాజకంతో కలసి, ఐఫోన్లలోని అనువర్తనాలను కుప్పకూల్చింది. ఆపిల్ సంస్థ ఐ.ఓ.ఎస్. 11.2.6తో దీనిని సరిదిద్దింది. వత్తులు, గుణింతాల అమరిక ఎరిగినవారు తనిఖీలో ఉండడం ఎంత అవసరమో ఇది తెలుపుతుంది. సహకార ఉపకరణాల వలన అటువంటివారు మహానగరంలోనే ఉండనక్కరలేదు. కుప్పం నుండి కూడా పాల్గొనవచ్చు.