మంచు చల్లే గొట్టం

కొలరాడోలోని లవ్‌లాండ్, అరాపహో బేసిన్ స్కీ కేంద్రాల మధ్య ఏటా అక్టోబరులో ఒక పోటీ నడుస్తుంది. ఆ ఏడాది లిఫ్టు ముందు ఎవరు తిప్పుతారన్నదే పోటీ. రెండింటిలోనూ కొండ అడుగు భాగమే సముద్రమట్టానికి దాదాపు 3,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. గేట్లు తీసిన పొద్దున చూస్తే వాలు చాలావరకు ఎండిన గడ్డి, రాళ్లు. నడుమ పైనుంచి కిందికి ఒకటే తెల్లటి దారి. తెల్లవారుజామున కురిసిన కొత్త మంచు దాని మీద మెత్తగా పరుచుకుని ఉంటే, మొదటి లిఫ్టు కోసం చీకటితోనే వచ్చి వరుసకట్టినవాళ్ల పంట పండినట్టే.

స్కీలు ఆడేది ఆ మెత్తటి పొర మీదే అయినా, మనిషి బరువు మోసేది దాని కింది గట్టి పొర. అది ఆకాశం నుంచి పడింది కాదు. అంతకుముందు రాత్రుళ్లు మంచు చల్లే యంత్రాలైన స్నో గన్‌లు చల్లి పేర్చింది. ఆ పొరే లేకపోతే తాజా మంచు ఎంత అందంగా ఉన్నా స్కీలు నేరుగా రాళ్లకు తగులుతాయి.

ఈ యంత్రం అమ్ముడుపోని సరుకు వల్ల పుట్టింది. కనెటికట్ రాష్ట్రం మిల్‌ఫర్డ్‌లో వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ అనే ముగ్గురు టే మాన్యుఫాక్చరింగ్ పేరుతో అల్యూమినియం స్కీలు తయారుచేసేవారు. 1949-50 చలికాలంలో అక్కడ మంచు సరిగా పడలేదు. మంచు లేకపోతే స్కీలు కొనేదెవరు? ఆ రాష్ట్రంలోనే మొహాక్ మౌంటెన్ నడిపే వాల్ట్ షోయన్‌క్నెక్ట్ ఐసు దిమ్మలను లారీల్లో తెప్పించి, పొడి కొట్టించి వాలు మీద పరిపించాడు. పియర్స్ ఇంకో దారి పట్టాడు. 1950 మార్చిలో పెయింట్ చల్లే కంప్రెసర్‌కు ఒక నాజిల్, తోటకు నీళ్లు పట్టే గొట్టం తగిలించి, గడ్డకట్టే చలిలో గాలినీ నీటినీ కలిపి పైకి చిమ్మాడు. కింద పడింది మంచు! పేటెంటు 1954లో వచ్చింది. అప్పటికే, 1952లో, న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రాసింగర్స్ రిసార్టు ఈ మంచుతో వాలు నింపడం మొదలుపెట్టింది.

నిజానికి అంతకు ముందే కెనడాలో రే రింగర్ అనే పరిశోధకుడి బృందానికి ఇదే మంచు అడ్డు తగిలింది. జెట్ ఇంజను ముందు ఐసు ఎలా పేరుకుంటుందో చూడాలని వాళ్లు విండ్ టన్నెల్‌లో నీళ్లు చిమ్మితే, పేరుకోవలసిన ఐసుకు బదులు మంచు కురిసింది. దాన్ని పారలతో ఎత్తిపోయడానికి పదేపదే ప్రయోగం ఆపాల్సి వచ్చింది. ఆ ఫలితాలు అచ్చయి ఉండటంతో మిల్‌ఫర్డ్ పేటెంటు తర్వాతి రోజుల్లో న్యాయస్థానంలో నిలవలేదు. అయినా స్కీ వాలుకు మంచు తెచ్చిన ఘనత మాత్రం పియర్స్ బృందానిదే.

నీటిని చల్లబరిస్తే చాలు మంచు అవుతుందనుకుంటాం. అంత తేలిక కాదు. శుద్ధమైన చిన్న బిందువు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. పట్టుకోవడానికి ఒక రేణువు దొరకకపోతే దాదాపు -38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు. స్నో గన్‌లో కంప్రెసర్ గాలి చేసే ముఖ్యమైన పని ఇక్కడే ఉంది. ఒత్తిడిలో ఉన్న గాలి నాజిల్ దాటగానే ఒక్కసారి వ్యాకోచించి చల్లబడుతుంది. దానితోపాటు వచ్చిన సన్నటి తుంపర అతి చిన్న ఐసు నలుసులవుతుంది. మిగతా బిందువులు ఆ నలుసులను తాకి గడ్డకడతాయి.

రెండో సంగతి గాలిలో తేమ. ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 334 జౌళ్ల గుప్తోష్ణం వదులుతుంది. అదే ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,500 జౌళ్ల వేడి లాక్కోవాలి. అంటే బిందువులో కొద్ది భాగం ఆవిరైపోతే మిగిలింది గడ్డకట్టడానికి చాలు. వేసవిలో మట్టికుండ నీటిని చల్లబరిచేదీ ఈ సూత్రంతోనే. కాబట్టి స్నో గన్ నడిపేవాళ్లు మామూలు ఉష్ణోగ్రతను కాక, బడి పాఠాల్లో మనం చదివిన తడి బల్బు ఉష్ణోగ్రతను, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేదాన్ని, చూస్తారు. అది సుమారు -2.5 డిగ్రీలకు దిగాలి. గాలి సున్నా డిగ్రీల్లో ఉండి తేమ 30 శాతమే అయితే, తడి బల్బు దాదాపు -4 చూపిస్తుంది, పని మొదలుపెట్టవచ్చు. అదే సున్నా డిగ్రీల్లో గాలి తేమతో నిండి ఉంటే ఎంత నీరు చిమ్మినా కురిసేది వానే. కొలరాడో అక్టోబరులోనే పందెం కాయగలగడానికి కారణం అక్కడి పొడిగాలి.

కొలతలు ఎన్ని ఉన్నా, రాత్రి కాపలా ఉండేవాళ్లు చివరకు నమ్మేది చొక్కా చేతినే. తుంపర కింద చెయ్యి చాచి చూస్తారు. రేణువులు గుడ్డ మీద పడి ఎగిరిపోతే మంచు మరీ పొడిగా ఉన్నట్టు, నీరు కొంచెం పెంచవచ్చు. మరకలా అంటుకుని తడిపితే నీరు తగ్గించాలి. ఆ రేణువును దగ్గరగా చూస్తే ఆరు కొమ్మల నక్షత్రం కనిపించదు. గుండ్రటి ఐసు పూస ఉంటుంది. మేఘంలో స్ఫటికం తీరిగ్గా పెరుగుతుంది. ఇక్కడ బిందువుకు నేల తాకేలోపు దొరికేవి కొన్ని క్షణాలే. పూసలు ఒత్తుగా సర్దుకుంటాయి కాబట్టి ఘనపు మీటరుకు 400 కిలోల దాకా తూగుతాయి. కొత్తగా పడిన సహజమైన మంచు తరచు 100 కిలోలు కూడా ఉండదు. యంత్రం చేసిన పొర ఎండకు త్వరగా కరగకుండా నిలబడేది అందుకే.

ఆ తర్వాత పెద్ద ఫ్యానుతో తుంపరను దూరం విసిరే గన్‌లు వచ్చాయి. పైర్ల ఆకుల మీద మంచుదెబ్బకు కారణమయ్యే సూడోమోనాస్ సిరింగే బాక్టీరియా ప్రోటీన్‌ను నీటిలో కలిపి, బిందువులు త్వరగా గడ్డకట్టేలా చేశారు. 1980 లేక్ ప్లాసిడ్ వింటర్ ఒలింపిక్స్‌లో మొదటిసారి యంత్రాల మంచు వాడారు.

దీనికి అయ్యే నీరు తక్కువేమీ కాదు. ఒక హెక్టారు వాలును 30 సెంటీమీటర్ల మందాన కప్పాలంటే పది లక్షల లీటర్లు దాటుతుంది. వేసవికి చాలావరకు కరిగి వాగుల్లో కలుస్తుంది నిజమే, కానీ తోడేది చలికాలంలో, వాగులు సన్నగా పారే రోజుల్లో. భూమి వేడెక్కుతుంటే తడి బల్బు కిందికి దిగే గంటలూ తగ్గుతాయి. ఈ యంత్రం స్కీ కేంద్రాలకు కొంత వ్యవధి ఇవ్వగలదు. వాతావరణ మార్పుకు మందు మాత్రం కాలేదు.

2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్ దాదాపు పూర్తిగా యంత్రాల మంచు మీదే జరిగాయి. పోటీలు జరిగిన కొండల్లో చలి ఉంది, గాలి పొడిగా ఉంది, మంచు మాత్రం అంతగా పడదు. నీటిని రిజర్వాయర్ల నుంచి పైపుల్లో కొండెక్కించారు.